పలకరింపు కోయని సినిమా

సినిమా ఐదు నిమిషాలు దాటకూడదని లుయోంబ్య మాస్టారు బల్ల గుద్ది చెప్పారు. ఆయన ఏం చెప్పినా బల్ల గుద్దే చెబుతారు. పాపం ఆ బల్లకు కాళ్లున్నాయి గానీ నడక రాదు కాబట్టి ఇంకా బడిలోనే ఉంది. పిల్లలు జట్లుగా విడిపోయి తమ పేట గురించి ఒక చిన్న సినిమా తీయాలి. తల్లిదండ్రులు బడికి వచ్చే రోజున దాన్ని అందరి ముందూ వేయాలి. ఆపైన వేదికెక్కి, తీసేటప్పుడు ఏం తప్పులు చేశారో, ఏం నేర్చుకున్నారో నోటితో చెప్పాలి. సినిమాకన్నా ఈ చెప్పడానికే మార్కులు ఎక్కువ.

నబుకీర జట్టులో ముగ్గురు. సెంపిజ్జ వాళ్లన్న ఫోను బతిమాలి తెచ్చాడు కాబట్టి కెమెరా అతనిది. ఉత్తరాన లీరా నుంచి వచ్చిన అకెల్లోకి మాటలు రికార్డు చేసే పని ఇచ్చారు. అలాగైనా ఆమె నోరు కాసేపు మూతపడుతుందని వాళ్ల ఆశ. సినిమాలో మనిషి నబుకీర నానమ్మ. బడి గుట్ట కింద ఉన్న ఊటబావిని పూడ్చడానికి వచ్చినవాళ్లను ఒకప్పుడు ఆడవాళ్లంతా కలిసి ఎలా తరిమికొట్టారో, కళ్లారా చూసి చెప్పగలిగినవాళ్లలో ఇక ఆమే మిగిలింది.

చిక్కు నానమ్మ నోరు విప్పగానే మొదలైంది. బుగాండా సీమలో పుట్టి పెరిగిన మనిషి, చివర మార్చి మార్చి 'మ్' అనుకునేదాకా సాగే పలకరింపు పూర్తికాకుండా కథలోకి దిగుతుందా? నబుకీర ఆమె ముందు చాప మీద మోకాళ్లూని కూర్చుంది.

"పొద్దంతా ఎలా గడిచింది తల్లీ?"

"బాగా గడిచింది నానమ్మా. నీకో?"

"బాగానే. ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు?"

"బాగున్నారు. తోటలో పని చేసొచ్చావు, ఎంతో మంచి పని."

"నువ్వూ చదువుకుంటున్నావు, మంచి పని. మ్."

"మ్."

"మ్మ్."

అకెల్లో ఆపుకోలేకపోయింది. "ఈ మూలుగులయ్యేలోపు మా లీరాలో అయితే పెళ్లి చేసి పిల్లని కాపురానికి కూడా పంపేస్తారే!"

సెంపిజ్జ ఫోను దించి, "నానమ్మా, నేరుగా బావి దగ్గరికొచ్చెయ్," అన్నాడు.

నానమ్మ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. "ఎవరి పిల్లాడే వీడు? తిప్పగానే ధారకట్టడానికి నేనేమన్నా కుళాయినా?"

మళ్లీ మొదటినుంచి పలకరింపులు సాగాయి. అంతా అయ్యేసరికి సినిమా ఐదు నిమిషాలు ఎప్పుడో దాటిపోయింది, అందులో సగం పలకరింపే. మాస్టారు ముందుగా చూసి పెదవి విరిచారు.

"కథ బాగుంది. ముందున్న ఆ సోదంతా కోసిపారెయ్యండి. మీరు చేసిన తప్పు అదే. వేదిక మీద ఆ మాటే చెప్పండి, మార్కులకి ఢోకా ఉండదు."

సెంపిజ్జ కోసేశాడు. కోసింది చూడగానే నబుకీరకు ఒళ్లు మండింది. తెర మీదికి వస్తూనే, ఎదుటి మనిషిని ఎలా ఉన్నావని కూడా అడక్కుండా, "ఆ బావి ఉందే" అంటూ కథలోకి దూకిన ఆ ముసలామె ఎవరు? నానమ్మ మాత్రం కాదు. గోమెసి కట్టినామెను నడికట్టు లాగేసి నలుగురిలో నిలబెట్టినట్టుంది. చూసినవాళ్లు ఈమెకు మర్యాద నేర్పినవాళ్లే లేరా అనుకోరూ? అలా అనుకునేది మాస్టారి గురించి కాదు, నానమ్మ గురించి.

"మొత్తంగా ఉన్నదే వేద్దాం," అంది.

"నీకేం, మార్కులు పోతే మా నాన్న నా వీపు విమానం మోత మోగిస్తాడు," అన్నాడు సెంపిజ్జ.

"ఊరందరి ముందూ మా నానమ్మ పరువు పోతే ఎవరి వీపు మోగించాలి?"

 అతను ఫోను ఆమె చేతికిచ్చాడు.

తల్లిదండ్రులొచ్చే రోజున హాలు నిండిపోయింది. నానమ్మ కొత్త గోమెసి కట్టుకుని మూడో వరుసలో కూర్చుంది. నబుకీర కోయని సినిమానే పెట్టింది. తెర మీద నానమ్మ "ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు?" అని అడగగానే, ముందు వరుసలో కూర్చున్న అరటిగెలల వ్యాపారం చేసే ఆవిడ అప్రయత్నంగా "బాగున్నారమ్మా" అనేసింది. పిల్లలు గొల్లుమన్నారు. తెర మీద నానమ్మ "మ్" అంటే మాత్రం పెద్దవాళ్లంతా తిరిగి "మ్" అన్నారు. పలకరిస్తే పలక్కుండా ఊరుకోవడం వాళ్ల వల్లయ్యే పని కాదు.

మాస్టారి కళ్లు గోడ గడియారం మీదే ఉన్నాయి. "ఆ బావి పూడ్చడానికి వాళ్లు లారీ తెచ్చిన రోజున..." అని నానమ్మ అంటూండగానే ఆయన వైరు పీకేశారు. తెర తెల్లబోయింది. హాలు ఉసూరుమంది.

"వేదికెక్కండి. మీ తప్పులేమిటో చెప్పండి."

నబుకీర ఎక్కింది.  "ఒకచోట కెమెరాకి వేలు అడ్డమొచ్చింది. ఇంకోచోట కోడి అరుపులో మాట కలిసిపోయింది. అవి మా తప్పులే."

"అసలైన తప్పు?"

"పలకరింపు తప్పు కాదు మాస్టారూ. మీరు పెట్టిన ఐదు నిమిషాలే తప్పు. చొక్కా పొట్టిదైతే ఎవరైనా చేతులు కోసుకుంటారా?"

వెనక ఎవరో ఈల వేశారు. మాస్టారి మొహం కందగడ్డ అయింది. "ఆ పొగరుకి సున్నా వేస్తాను!"

"వెయ్యండి."

"నాకు కూడా వెయ్యండి సార్, బాగా గుండ్రంగా," అంటూ అకెల్లో వేదికెక్కింది. సెంపిజ్జ వాళ్ల నాన్న వైపు ఒకసారి చూసి, తనూ వచ్చి వాళ్ల పక్కన నిలబడ్డాడు.

మాస్టారు పెన్ను తీశారు. సరిగ్గా అప్పుడే నానమ్మ మూడో వరుసలోంచి లేచి, కర్ర ఆనించుకుంటూ ఆయన దగ్గరికి వచ్చింది.

"తర్వాత మాట్లాడదామమ్మా, ఇప్పుడు టైము లేదు..."

నానమ్మ ఆ మాట పట్టించుకోలేదు. గోమెసి సర్దుకుని, మెల్లగా ఆయన ఎదుట నేల మీద మోకాళ్లూనింది. "పొద్దంతా ఎలా గడిచింది నాయనా?"

 మాస్టారి పెన్ను గాల్లోనే ఆగిపోయింది. ఆయనా ఆ మట్టిలో పుట్టినవాడే. తల్లి వయసు మనిషి మోకాళ్ల మీద కూర్చుని అడుగుతుంటే జవాబు చెప్పకుండా తప్పుకున్నవాడు రేపు బజారులో తలెత్తుకుని తిరగలేడు.

"బా... బాగానే గడిచిందమ్మా. మీకు?"

"బాగానే. ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు?"

"బాగున్నారమ్మా."

"పిల్లలకి చదువు చెబుతున్నావు, ఎంతో మంచి పని. మ్."

"మ్," అన్నారు మాస్టారు, తల వంచి.

హాలంతా వాళ్లతో కలిసి మూలిగింది. ఆ తంతు ఎంతసేపు సాగాలో అంతసేపూ సాగింది. అప్పుడు నానమ్మ కర్ర సాయంతో లేచి, జనం వైపు తిరిగి, "ఆ బావి పూడ్చడానికి వాళ్లు లారీ తెచ్చిన రోజున," అని కథ అందుకుంది.

మాస్టారు గడియారం కేసి తల తిప్పారు. నబుకీర వేదిక దిగి వెళ్లి, ఆయనకూ గడియారానికీ మధ్య నిలబడింది.