గోబర్ గ్యాసు మింగిన మూడు రోజులు

"పేడకు మైలేమిటే, చోద్యం కాకపోతే! వెళ్ళి కలుపు."

మా అత్త భారతమ్మ ఆ మాట అనేటప్పటికి నేను పెరటి పంచలో చాప మీద కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాను. నెలకు మూడు రోజులు నా చోటు అదే. వంటింటి గడప తొక్కకూడదు, మంచినీళ్ళ బిందె ముట్టకూడదు, దేవుడి గది వైపు తొంగి చూడకూడదు. నా కంచం వేరు, నా గ్లాసు వేరు. అన్నం దూరం నుంచి జారవిడిచేవాళ్ళు. అలా దూరం పెట్టినందుకు ఏ ఆడదైనా కుమిలిపోవాలి కదా! నేను మాత్రం ఆ రోజుల కోసం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసేదాన్ని. ఎందుకంటే నెలలో మిగతా ఏ రోజూ ఆ ఇంట్లో నన్ను కూర్చోమన్నవాళ్ళు లేరు. నిలబడి వండి, వంగి ఊడ్చి, అందరూ తిన్నాక చల్లారిన కూర గిన్నె ముందేసుకుని తినేసి మళ్ళీ లేవడమే. ఆ మూడు రోజులూ మా అత్త సణుక్కుంటూ వండేది, నేను చదువుకునేదాన్ని.

చదువు అంటే పదో తరగతి. తొమ్మిది పూర్తయ్యీ కాకుండానే నాకు పెళ్ళి చేశారు. అప్పటికే మా అత్తవాళ్ళు కృష్ణా జిల్లా నుంచి వచ్చి, సత్తుపల్లి దాటాక అడవి మొదలయ్యేచోట భూములు కొని స్థిరపడ్డారు. మా పక్క గదిలో కిరాయికుండే జహీరా టీచరు నా చేత ప్రైవేటుగా పరీక్ష ఫీజు కట్టించింది. "మనూరికి బాలవాడి మంజూరైంది రత్నమ్మా. పది పాసైనోళ్ళే గావాలె, ఊళ్ళె ఒక్కరు గూడ లేరు. నువ్వు పాసైతె ఆ నౌకరి నీదే, యాదుంచుకో" అనేది. నేను యాదుంచుకోవడమేమిటి, నిద్రలో కూడా ఆ బాలవాడి పిల్లలకు పాటలు చెబుతూనే ఉన్నాను. అది ఎనభై మూడో సంవత్సరం. మా విమలకు అప్పుడు ఎనిమిదేళ్ళు.

సరిగ్గా అప్పుడే మా ఆయన బసవపున్నయ్య గోబర్ గ్యాసు కబురు మోసుకొచ్చాడు. పంచాయతీ సమితి ఆఫీసు నుంచి వచ్చినాయన వీధి అరుగు మీద కూర్చుని చెబుతుంటే, నేను కాఫీ గ్లాసులతో తలుపు చాటున నిలబడి విన్నాను. పేడ వృథా కాదట, అడవి నరకక్కర్లేదట, పొలానికి మంచి ఎరువట. ఇవన్నీ నా చెవిన పడ్డాయో లేదో గానీ, "మీ ఇంట్లో ఆడవాళ్ళకు రోజూ రెండు గంటలు కలిసొస్తుందండీ" అన్నది మాత్రం పడింది. రెండు గంటలు! అరుగు మీదున్న మగవాళ్ళందరికంటే ముందు ఒప్పుకున్నదాన్ని నేనే. నన్నెవరూ అడగలేదనుకోండి, అది వేరే సంగతి.

పెరట్లో లోతుగా గుంట తవ్వించి ఇటుకలు కట్టించారు. ఖమ్మం నుంచి లారీ మీద ఇనుప డ్రమ్ము దిగింది. గుంటలో గ్యాసు ఊరితే ఆ డ్రమ్ము పైకి లేస్తుంది, వాడితే కిందికి దిగుతుంది. అబద్ధమెందుకు, మొదటిరోజు పొయ్యి మీద నీలంగా మంట వెలిగినప్పుడు నాకు కన్నీళ్ళాగలేదు. అంతకుముందు వానాకాలమంతా తడికట్టెలు ఊది ఊది, కళ్ళు మిరపకాయలై, రాత్రికి దగ్గుతో పడుకునేదాన్ని. పొగలేని వంటిల్లు ఎలా ఉంటుందో అప్పుడే చూశాను. గోడలకు సున్నం వేసుకుందామనుకున్నాను, కిటికీ దగ్గర పుస్తకం పెట్టుకోవడానికి చెక్క కొట్టించుకుందామనుకున్నాను. పిచ్చిదాన్ని.

ఆ గుంటకూ ఆకలుంటుందని ఎవరూ చెప్పలేదు. కొట్టంలో పేడంతా గంపలకెత్తి తొట్టిలో పొయ్యాలి. ఎంత పేడో అన్ని నీళ్ళు బావిలోంచి తోడి పొయ్యాలి. గడ్డిపరకలూ రాళ్ళూ చేత్తో ఏరి, ఉండల్లేకుండా పిసికి లోపలికి వదలాలి. ఒక్కరోజు మానితే డ్రమ్ము కిందికి దిగిపోతుంది, మా ఆయన ముఖం కూడా దానితోపాటే దిగిపోతుంది. ఎంత తోమినా అన్నం కలుపుకునే వేళ్ళకు ఆ వాసన పోయేది కాదు. కూలిమనిషిని పెట్టుకుందామంటే, "ఇంట్లో మనిషివి నువ్వుండగా జీతమిచ్చి పెట్టుకోవటమేంటి, నవ్విపోతారు" అన్నాడాయన. అంతకుముందు మాకు అడవి నుంచి కట్టెలు తెచ్చే తండా మనిషి ద్వాలి, ఒకరోజు గోడవతల నిలబడి నా చేతులు చూసి, "ఏంది దొరసానీ, కట్టెల పొయ్యి పోయిందని సంబరపడితివి, మోచేతులదాంక పేడ పిసుకుతున్నవ్. గిదేం సుఖమమ్మా?" అని నవ్వింది. నవ్వితే నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

ఇక ఆ రెండు గంటల సంగతి. గ్యాసు చూడడానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మనుషులు రావడం మొదలైంది. వచ్చినవాళ్ళకు టీ పెట్టాలి. "గ్యాసుందిగా, చిటికెలో అవుద్ది" అనేవాడాయన. ఉప్మా కూడా చిటికెలోనే, స్నానాలకు వేడినీళ్ళూ చిటికెలోనే. కట్టెల పొయ్యి ఉన్నప్పుడు అడగడానికి మొహమాటపడినవన్నీ ఇప్పుడు అలవోకగా అడిగారు. వాళ్ళ చిటికెలన్నీ కలిస్తే నా రోజు.

సరే, నెలకు మూడు రోజులు ఉన్నాయిగా అని సరిపెట్టుకున్నాను. అదిగో, అప్పుడే మా అత్త ఆ మాట అంది. మంచి తర్కమే! వంటింటికి మైల, దేవుడికి మైల, మామిడికాయ పచ్చడికి మైల. గుంట మాత్రం పెరట్లో, నేనూ పెరట్లో, పైగా ఖాళీగా. మా ఆయనతో చెప్పుకుంటే, "అమ్మ అన్నదాంట్లో తప్పేముంది? ఊరికే కూర్చునేగా ఉంటావు" అన్నాడు. ఊరికే! నా ఒళ్ళో తెరిచిన పుస్తకం ఆయనకు కనపడలేదు. నడుము పట్టేసి, పొత్తికడుపు మెలిపెడుతుంటే బావిలోంచి చేదలు తోడి ఆ గుంటకు పోశాను. పొయ్యనని అనలేదు. ఎందుకనలేదని ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. కోడళ్ళకు నోరుంటుందని నాకు తెలియదు, అంతే.

మార్చిలో పరీక్షలొచ్చాయి. సత్తుపల్లి సెంటరు. మొదటి పరీక్ష రోజు తెల్లవారే తలంటుకుని, వంట చేసి, ఉతికిన చీర కట్టుకున్నాను. చెప్పులేసుకోబోతుంటే మా ఆయన వీధిలోంచి హడావిడిగా వచ్చాడు. "జిల్లా నుంచి జీపులో ఆఫీసర్లు వస్తన్నారు, పదిమంది రైతుల్ని గూడా తెస్తన్నారంట. డ్రమ్ము చూస్తే సగానికి దిగింది. జల్దీ పేడ కలుపు. భోజనాలు గూడా ఇక్కడే."

"ఇవాళ నా పరీక్షండీ" అన్నాను.

"పరీక్ష వచ్చే ఏడు రాయొచ్చు. జీపు మళ్ళీ వస్తదా?"

గేటు దగ్గర జహీరా టీచరు నిలబడి ఉంది. నన్ను సెంటరు దాకా దిగబెడతానని సెలవు పెట్టుకుని మరీ వచ్చింది. బస్సు హారను వినిపిస్తోంది. "రత్నమ్మా, రా! వాళ్ళే ఏమన్న చేసుకుంటరు, నువ్వు రా!" అని కేకేసింది. నేను ఆవిణ్ణి చూశాను, ఆయన్ని చూశాను. కొంగు నడుముకు దోపుకుని గంప ఎత్తుకున్నాను. బస్సు ఆగి, కాసేపు చూసి పోయింది. టీచరు చాలాసేపు అక్కడే నిలబడింది, తర్వాత తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

జీపొచ్చింది. అందరూ నీలిమంట చూసి మెచ్చుకున్నారు. ఒక ఆఫీసరు, పెద్దమనిషి పాపం, నా వైపు తిరిగి, "ఎట్లుందమ్మా, సుఖంగ ఉందా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మా ఆయన అందుకున్నాడు. "మా ఆడాళ్ళకి ఇప్పుడు పనే లేదండీ!" అందరూ చప్పట్లు కొట్టారు. పేడ వాసన రాకుండా చేతులు కొంగులో దాచుకుని నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ వచ్చే ఏడు సరిగ్గా పరీక్షల వేళకు అత్తకు తుంటి విరిగింది. ఆ పై ఏడు టీచరుకు బోనకల్ బదిలీ అయింది. బాలవాడికి పక్కూరమ్మాయి వచ్చింది. నాకంటే చిన్నది, బాగానే చెప్పేది. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా పిల్లల పాట వినిపిస్తుందని నేను చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని.

ఎనభై తొమ్మిదిలో మా విమల పదో తరగతికి వచ్చింది. ఒక ఆదివారం, నెలసరి వచ్చి పెరటి పంచలో సైన్సు పుస్తకంతో కూర్చుంది. రెండు రోజుల్లో దానికి పరీక్ష. మంచం మీంచి మా అత్త, "ఊరికే కూర్చునే బదులు ఆ తొట్టి సంగతి చూడవే విమలా, మీ అమ్మకు సాయంగా ఉంటుంది" అంది. నాకు సాయమట! పిల్ల పుస్తకం మూసి, పక్కన పెట్టి, ఓణీ కొంగు నడుముకు దోపుకుంది. ఎవరు నేర్పారు దానికా దోపుకోవడం? ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకుంది.

"కూర్చోవే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. చేతిలో గంప అక్కడే దించి, వెళ్ళి దాని పక్కన చాప మీద కూలబడ్డాను. మా అత్త పిలిచింది. లేవలేదు. తిట్టింది. లేవలేదు. మర్నాటికి డ్రమ్ము అడుగుకు దిగింది, పొయ్యి వెలగలేదు. వచ్చినవాళ్ళ ముందు పరువు పోయిందని మా ఆయన పెరట్లోకి ఊగిపోతూ వచ్చాడు.

"ఏం చేస్తన్నారే ఇద్దరూ?"

"అది చదువుకుంటోంది. నేను కూర్చున్నాను."

ఆయన అరిచాడు. పుట్టింటిని తిట్టాడు, ఈ ఇంట్లో ఉండనన్నాడు, బకెట్టు తన్నాడు. కాసేపటికి గొంతు బొంగురుపోయి, ద్వాలిని కట్టెలు తెమ్మని కబురు పెట్టడానికి వెళ్ళిపోయాడు. విమల నా వైపు ఒకసారి చూసి పేజీ తిప్పుకుంది. ఇంటి కప్పు కూలలేదు. నాకేమీ కాలేదు.

ఇంతేనా? ఈపాటి కేకలకు భయపడేనా, నేను ఆ బస్సు వదులుకుంది!