మూత తీసి చూడరేం?

నేను ఒక స్టీలు అన్నం డబ్బాను. గుండ్రటి ఒళ్లు, పక్కన రెండు క్లిప్పులు, గట్టిగా పట్టే మూత. ఆ మూత మీద చుక్కలు చుక్కలుగా ఇలా కొట్టి ఉంటుంది: ‘చి. హంసవేణి రజస్వల అయిన శుభసందర్భంగా, మేనత్త వరహాలు.’

మిషను కింద నలిగి డబ్బానయ్యాక తాడేపల్లిగూడెంలో ఒక సామాన్ల కొట్లో నా పాటికి నేను పడి ఉన్నాను. వరహాలు వచ్చి, నాలాంటివాళ్లని ఓ గంపెడు కొని, అందరి మీదా పేరు కొట్టించింది. ఫంక్షన్‌కి వచ్చినవాళ్లందరికీ తలా ఒకటి పంచి, నన్ను మాత్రం వేణికి ఇచ్చింది. మైకు పెట్టారు. ఊరంతటికీ భోజనాలు పెట్టారు. ఫొటోగ్రాఫరు “నవ్వమ్మా, నవ్వు” అని ప్రాణం తీస్తుంటే ఆ పిల్ల తల దించుకుని నా నిండా ఉన్న నువ్వుల చిమ్మిలి ఉండల్ని చూస్తూ కూర్చుంది. ఇంట్లో పిల్లకి నెలసరి వస్తే ఊళ్లో డబ్బాలు పంచడం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తర్వాత చాలా ఏళ్లు అటక మీద ఉన్నాను. వేణి డిగ్రీ అయ్యాక కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవడం మొదలుపెట్టినప్పుడు కిందికి దింపారు. తెల్లారగట్ల గ్రౌండులో పరుగు, అట్నుంచటే కోచింగు క్లాసు. వాళ్లమ్మ పుణ్యవతి నాలో ఒక పక్క ఇడ్లీ, ఒక పక్క పప్పన్నం కూరి పంపేది.

గ్రౌండులో ఎవరో సీనియరు అన్నాడు: “ఒళ్లు తేలికైతే పరుగు దానంతటదే వస్తుంది.” అంతే. ఆ రోజు నుంచి నాలోని అన్నం గ్రౌండు వెనక కుక్కలపాలు. వేణికి టీ, నాలుగు కీరా ముక్కలు. ఆకలి మరీ చంపితే ఇంకో టీ. తర్వాత నన్ను కుళాయి దగ్గర తళతళా తోమి సంచిలో పెట్టుకునేది. ఇంటికెళ్లగానే పుణ్యవతి నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, “నా కూతురు చూడండి, మెతుకు మిగల్చదు. డబ్బా కూడా కడుక్కొస్తుంది” అని మురిసిపోయేది. అమ్మా, తిన్న డబ్బాకి ఎంత తోమినా అంచున కాస్త పప్పు మరకైనా ఉంటుందే! ఆ మాత్రం చూసుకోవద్దూ?

కొన్నాళ్లకి వేణికి నెలసరి తప్పింది. మరుసటి నెలా రాలేదు. ఆ పై నెలా లేదు. మొదటిసారి వచ్చినప్పుడు మైకులో చెప్పిన ఇల్లు అది. ఆగిపోయిన సంగతి చెప్పడానికి మాత్రం ఆ పిల్లకి నోరు రాలేదు. చెబితే ముందు పరుగు మాన్పిస్తారని భయం. కానీ తెచ్చిపెట్టిన ప్యాడ్ల ప్యాకెట్టు విప్పకుండా అలాగే ఉండటం పుణ్యవతి కంట పడింది.

“వేడి చేసిందే పిల్లకి. ఎండలో ఆ పరుగులేమిటి?” అంది నాయనమ్మ.

“వేడి కాదత్తయ్యా, చలవ చేసింది. వేడి వస్తువు పడితే అదే వస్తుంది” అంది పుణ్యవతి.

ఇక నా అవస్థ చూడండి. ఒకరోజు నాయనమ్మ పంపిన సబ్జా గింజల మజ్జిగ, ఒకరోజు అమ్మ కుక్కిన చిమ్మిలి, బొప్పాయి ముక్కలు. అత్తాకోడళ్ల పంతం అంతా నా కడుపులోనే. ఒక్కరైనా “ఏం తింటున్నావే?” అని అడగలేదు. ఆ గ్రౌండు కుక్కలకి ఎంత వేడి చేసిందో, ఎంత చలవ చేసిందో దేవుడికే తెలియాలి.

వరహాలు ఫోన్లో గొంతు తగ్గించి, “వదినా, పిల్ల మీద ఓ కన్నేసి ఉంచావా? కోచింగంటే మగపిల్లలు కూడా ఉంటారు” అంది. పుణ్యవతి ఫోను పెట్టేసి, ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ ఇంట్లో తిండి మానేవాళ్లకి కొదవ లేదు.

ఒకరోజు పొద్దున్న మూడో రౌండులో వేణి కళ్లు తిరిగి పడిపోయింది. కుక్కలకి ఇంకా పెట్టలేదు. స్నేహితురాలు ఆటో ఎక్కించి, నన్నూ సంచితో సహా లేడీ డాక్టరు దగ్గరికి తెచ్చింది. పుణ్యవతి పరుగున వచ్చి, నెలసరి ఆగిన సంగతీ ఇంట్లో వేడీ చలవల గొడవా చెప్పింది. డాక్టరు ముందుగా కడుపు వచ్చిందేమోనని పరీక్ష చేయించింది. లేదని తేలాక పుణ్యవతి ఊపిరి పీల్చుకోవడం నాకు వినబడింది. వేణికీ వినబడింది. ఆ పిల్ల ముఖం గోడవైపు తిప్పుకుంది.

“ఏం తింటున్నావమ్మా రోజూ?”

“డబ్బా నిండా పెడతానండీ! ఖాళీ చేసి తెస్తుంది” అంది పుణ్యవతి.

“నేను అడిగింది అమ్మాయిని.”

వేణి లేచి కూర్చుంది. సంచి విప్పి నన్ను బల్ల మీద పెట్టింది. డాక్టరు క్లిప్పులు తీసింది. హమ్మయ్య! ఇన్నాళ్లకి ఒక మనిషి నా మూత తీసి చూసింది. ఇడ్లీ ఇడ్లీలాగే ఉంది, పప్పన్నం పప్పన్నంలాగే ఉంది.

“ఇదా సంగతి! వేడీ కాదు, చలవా కాదు” అంది డాక్టరు. “తినేది తక్కువ, పరిగెత్తేది ఎక్కువ. ఒంటికి వచ్చే బలం పరుగుకే చాలకపోతే, ఇప్పటికి ఇది లేకపోయినా నడుస్తుందని శరీరం నెలసరిని ఆపేస్తుంది. ఇలాగే సాగితే ఎముకలు కూడా గుల్లబారతాయి. థైరాయిడ్, రక్తం కూడా చూద్దాం. కొన్నాళ్లు పరుగు ఆపు.”

“ఈసారి సెలక్షన్ పోతుంది మేడం.” వేణి ఏడ్చేసింది.

“పోతే మళ్లీ వస్తుంది. పడిపోయేవాళ్లని పోలీసులు తీసుకోరమ్మా.”

పుణ్యవతి తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నాలోంచి ఒక ఇడ్లీ తీసి, తుంచి, వేణి నోటి దగ్గర పెట్టింది. వేణి నమిలి మింగేదాకా ఆ చేయి అలాగే ఉంది.

ఆ ఏడు సెలక్షన్ పోయింది. నేను మాత్రం అంచున పప్పు మరకలతో ఇంటికి రావడం మొదలుపెట్టాను. డాక్టరు సరేనన్నాక పరుగు కూడా మొదలైంది. ఒక పొద్దున్న వేణి వంటింట్లోకి వచ్చి, “అమ్మా, వచ్చింది” అంది. పుణ్యవతి నాలో ఇంకో గరిటెడు ఉప్మా వేసింది.

“ఎవరికీ చెప్పకే.”

“నాకేం పనే?”

ఆ పిల్ల వాకిట్లో బూట్లు కట్టుకుంటుండగానే పుణ్యవతి ఫోను తీసింది. “వదినా, నీ అనుమానం పాడుగాను! మన పిల్లకి...” అవతల వరహాలు ఆనందం నాకు ఇవతలికే వినబడింది. ఆదివారం ఇంకో కొత్త డబ్బా తెస్తుందట, పేరు కూడా కొట్టించి.

తెమ్మనండి. పొద్దుటి టిఫినూ మధ్యాహ్నం అన్నమూ ఇప్పుడు నా ఒక్క కడుపులో పట్టడం లేదు. మూత మీద మాత్రం ఈసారి పేరొక్కటి చాలు.