బల్ల మీది నల్ల కొంగ

తూర్పు గట్టు నడిచి వచ్చి, మోకాళ్ళదాకా బురదతోనే, గేటు పక్క నల్లబల్ల మీద ఆ ఉదయం లెక్క రాస్తున్నాడు గేటు మనిషి. నీటికోళ్ళు నలభై, నీటికాకులు పదకొండు, లకుముకిపిట్టలు మూడు. ఈ చిత్తడి అడవికి పిట్టల్ని చూడవచ్చేవాళ్ళు ఆ బల్ల చదివాకే లోపలికి అడుగుపెడతారు. మనిషి కోతలరాయుడే. ఇక్కడి దోమలు తనను గట్టుదాకా ఎత్తుకెళ్ళి, బరువు చాలలేదని దింపేశాయని చెబుతాడు. బల్ల మీద మాత్రం కోతలు కోయడు.

ఒక్కసారి కోశాడు. నాలుగేళ్ళ కిందట, జ్వరమొచ్చి గట్టు నడవని రోజున, ముందురోజు లెక్కే దించి, చెయ్యి ఊరుకోక చివర 'నల్ల కొంగ ఒకటి, తూర్పు గట్టు' అని చేర్చాడు. ఆ పిట్ట ఈ నీళ్ళకు ఎన్నడూ రాలేదు. వచ్చింది ముసలి దర్జీ. బల్ల చదివిన ఆ రోజు నుంచి ప్రతి ఉదయం గట్టు మీది పాకలో దాని కోసం కాపు కాస్తున్నాడు. ఎవరు కొంగ అన్నా గేటు మనిషి గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాడు.

ఈ చలికి దర్జీకి దగ్గు ముదిరింది. ఇవాళ నిజం చెప్పేయాలని గేటు మనిషి పాకకు వెళ్ళాడు.

"బాబాయ్, ఆ కొంగ సంగతి..."

"ఉష్. అదుగో, మొద్దు మీద. రెక్కలు ఆరేసుకుంటోంది."

మొద్దు మీద ఉన్నది నీటికాకి.

"నాలుగేళ్ళు తిప్పిందిరా. పెళ్ళికి ముందు మీ పిన్ని కూడా ఇంత తిప్పలేదు." దగ్గులోనే నవ్వాడు దర్జీ. "వెళ్ళి బల్ల మీద రాయి. దర్జీ చూశాడని రాయి."

"ఎండ కళ్ళలో పడుతోంది బాబాయ్, సరిగ్గా..."

"నలభై ఏళ్ళు సూదిలో దారం ఎక్కించిన కళ్ళురా ఇవి. వెళ్ళు."

వెళ్ళాడు. రాస్తే రెండో అబద్ధం. రాయకపోతే ఇంటికెళ్తూ ముసలాయన బల్ల మీద వెతుక్కుంటాడు. 'నల్ల' అని రాసి, అరచేత్తో తుడిచేశాడు. కాళ్ళు పట్టుకునైనా చెప్పాలని మళ్ళీ గట్టెక్కాడు.

దర్జీ పాకలో బెంచీ మీద గోడకు చేరగిలి ఉన్నాడు.

"అది నీటికాకి బాబాయ్. కొంగ ఎప్పుడూ లేదు. నేనే అబద్ధం రాశాను."

దర్జీ తిట్టలేదు. దగ్గనూ లేదు. భుజం పట్టుకుని కదిపాక గాని గేటు మనిషికి తెలియలేదు.

మధ్యాహ్నానికి అంబులెన్సు వచ్చి శవాన్ని తీసుకెళ్ళింది. బెంచీ కింద ముసలాయన చెప్పులు మిగిలిపోయాయి. ఒకదాని పట్టీ తనే కొత్తగా కుట్టుకున్నట్టున్నాడు. కుట్లు ఒకదాని మీదొకటి ఎక్కి, వంకరటింకరగా.