సిరి ఈనితే

అరవై దాటాక అల్పాకాలేమిటండీ అని కృష్ణవేణి తల బాదుకుంది. విజయకుమార్ వింటేగా! వెల్లింగ్టన్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని నడుం అరగదీసుకున్న మనిషి, రిటైరైన ఏడాదికే జాన్సన్‌విల్‌లో ఇల్లు అమ్మేసి, కొండకి అవతల వైరరపాలో గడ్డి నేల కొన్నాడు. దాని మీదకి మూడు అల్పాకాల్ని దింపాడు. ఒంటె మెడ, గొర్రె ఒళ్లు, కోపం వస్తే మొహాన ఉమ్మేసే బుద్ధి.

"ఎవరి పోలికో మరి," అన్నాడు ఆవిడ వంక ఓరగా చూస్తూ.

"మీ పోలికే. చెప్పిన మాట వినవు."

జాన్సన్‌విల్‌లో గుమ్మం దిగితే బస్సు. పలకరించడానికి నలుగురు తెలుగువాళ్లు. ఇక్కడ గేటు దాకా నడిచేసరికే ఆయాసం. కృష్ణవేణికి కారు నడపడం రాదు. నేర్చుకుందామని ఒకసారి స్టీరింగ్ ముందు కూర్చుంది గానీ, ఎవర్నో గుద్దేసినట్టూ, తనని జైల్లో వేసినట్టూ కళ్లకి కట్టి దిగిపోయింది. పెరట్లోకి వెళ్లాలన్నా కర్రతో గడ్డి మీద కొట్టుకుంటూ నడిచేది.

"ఈ దేశంలో పాముల్లేవే వేణీ!"

"మనలాగే ఏ విమానంలోనో వచ్చుంటే?"

ఆవిడ పోరు పడలేక చివరికి ఆయనే ఒక ఒప్పందానికి వచ్చాడు. "మన సిరి చూడితో ఉంది కదా. సవ్యంగా ఈని, పిల్ల దక్కితే ఇక్కడే ఉందాం. తేడా వచ్చిందా, మూడింటినీ అమ్మేసి నీ జాన్సన్‌విల్‌కే పోదాం. సరేనా?"

సరే అంది. అన్నప్పట్నుంచీ కంటి మీద కునుకు లేదు. పిల్ల పోవాలనుకుంటే పాపం. దక్కాలనుకుంటే ఈ చెర తప్పదు.

ఆ రోజు పొద్దున్నే ఆయన మేత తేవడానికి టౌనుకి వెళ్లాడు. కొండ మీంచి గాలి ఈలలు వేస్తూ దిగుతోంది. సిరి పడుకుంటుంది, లేస్తుంది, మళ్లీ పడుకుంటుంది. నొప్పులే! ఇంత గాలిలోనా? కూతురు నిరుపమ పుట్టినప్పుడు అమ్మ కిటికీలన్నీ బిగించి, తన చెవుల్లో దూది కుక్కి, రెండు పూటలా సాంబ్రాణి పట్టింది. పచ్చి బాలింతకి గాలి సోకితే ఇంకేమైనా ఉందా!

దాణా ఆశ చూపించి సిరిని రేకుల షెడ్డులోకి తోలింది. వెంటబడ్డ మిగతా రెండింటినీ అదిలించి బయటే ఉంచింది. బార్బెక్యూ బొగ్గులు రాజేసి, గిన్నెలో పోసి, సాంబ్రాణి చల్లి లోపలికి పట్టుకెళ్లింది. పిసరంత గాలి కూడా రాకుండా తలుపు గట్టిగా లాగింది.

ఆ విసురుకి బయట గడియ పడిపోయింది.

నెట్టింది. గుద్దింది. అరిచింది. ఫోనేమో వంటింట్లో. పొగ పైకప్పు దాకా లేచి కిందికి తిరిగింది. ఇప్పుడు ఈ గడ్డి అంటుకుంటుంది. నేనూ ఇదీ మాడిపోతాం. డునెడిన్ నుంచి నిరుపమ వచ్చేసరికి బూడిద కూడా మిగలదు. బకెట్లో నీళ్లు బొగ్గుల మీద కుమ్మరించింది. చుయ్యిమని ఇంకాస్త పొగ లేచింది.

సిరి దగ్గుతూ గోడకి అతుక్కుపోయింది. గొంతులోంచి సన్నగా మూలుగుతుంటే, బయట రెండూ అలాగే బదులు మూలిగాయి. పిల్ల ముక్కూ, ముందుకాళ్ల కొసలూ బయటికొచ్చాయి. అక్కడితో ఆగిపోయాయి. బెదిరిపోయిన తల్లి ముక్కడం మానేసింది.

ఇలాగే ఇంకాసేపుంటే చాలు, రేపో ఎల్లుండో సామాన్లు సర్దుకోవచ్చు అనిపించింది కృష్ణవేణికి. అనిపించగానే రెండు చెంపలూ వాయించుకుంది.

కళ్లు మండుతున్నాయి. ఊపిరి ఆడటం లేదు. పురిటి గదిలోనూ ఇంతే. "అమ్మా, కాస్త కిటికీ తియ్యవే, చచ్చిపోయేలా ఉన్నాను," అని బతిమాలింది తను. అమ్మ తియ్యలేదు. ప్రేమ లేక కాదు, భయంతో.

మూలనున్న పార అందుకుని గోడ అడుగున రేకు కిందకి దోపింది. ఒళ్లంతా బరువేసి తొక్కింది. మేకులు తుప్పువి, కిర్రుమన్నాయి. రేకు వంగింది. అరచెయ్యి చీరుకుంది. ధనుర్వాతం ఖాయం అనుకుంటూనే ఇంకోసారి తొక్కింది. తను దూరడానికి చాలని సందు. గాలికి మాత్రం చాలింది, విసురుగా దూసుకొచ్చింది. దాని వెనకే రెండు మూతులు లోపలికొచ్చాయి.

సిరి మెడ వంచి ఆ మూతుల దగ్గర మూతి పెట్టింది. కాసేపు అలాగే నిలబడింది. తర్వాత కాళ్లు ఎడంగా పెట్టి ముక్కింది.

పిల్ల జారి గడ్డి మీద పడింది.

తల్లి నాకలేదు. అయ్యయ్యో, వద్దనుకుందా ఏమిటి దీన్ని? కృష్ణవేణి చున్నీతో పిల్ల ముక్కూ నోరూ తుడిచింది. సిరి దగ్గరికొచ్చి వాసన చూసి, మెత్తగా ఏదో చెబుతున్నట్టు మూలిగింది. పిల్ల లేచింది, కూలబడింది, మళ్లీ లేచింది.

కారు చప్పుడు. గడియ తీసిన చప్పుడు.

"ఏమేవ్, ఇక్కడున్నావా! ఈ రేకు ఎవరు చీల్చారు?"

"నేనే."

"దేనికీ?"

"గాలికి."

"నువ్వా? గాలికా?" విజయకుమార్ నవ్వబోయి, పిల్లని చూసి ఆగిపోయాడు. మోకాళ్ల మీద కూలబడ్డాడు. "నువ్వు లేకపోతే పోయేదే వేణీ. ఇంక మనకి బెంగ లేదు, హాయిగా ఇక్కడే!" కళ్లు తుడుచుకున్నాడు.

పిల్ల పొదుగు దొరక్క తల్లి ముందుకాళ్ల మధ్య వెతుక్కుంటోంది. ముర్రుపాలు కడుపులో పడకపోతే అది నిలవదని ఆయనే చెప్పాడు. కృష్ణవేణికి ఒక్క క్షణం జాన్సన్‌విల్ గుమ్మం ముందు బస్సు కళ్లకి కట్టింది. తర్వాత వంగి, రక్తం కారే చెయ్యి వెనక్కి పెట్టుకుని, రెండో చేత్తో పిల్లని వెనక్కి నెట్టి దాని మూతి చన్నుకి అందించింది.

గుటక పడింది. ఇంకో గుటక.

"తాగుతోందా?" అన్నాడాయన ఆత్రంగా.

"తాగుతోంది," అంది, గడ్డిలో చతికిలబడుతూ.