ఆవు పేరిట అగ్రిమెంటు

పెళ్లయి ఎనిమిది నెలలైనా నేనూ ఇందూ ఒక కప్పు కింద లేము. నేను హార్స్లీ హిల్స్ మీద ఒక రిసార్టులో రిసెప్షన్ చూస్తాను, పడక అక్కడి స్టాఫ్ రూములోనే. ఇందు మదనపల్లెలో టీచరు, ఉండేది లేడీస్ హాస్టల్లో. ఆదివారం హోటల్లో ఎదురెదురుగా కూర్చుని దోసె తింటాం. తర్వాత నేను బస్సెక్కుతాను. ఇదీ మా కాపురం.

ఇళ్లు లేక కాదు. కురబలకోట రోడ్డు పొడుగునా కొత్త అపార్టుమెంట్లే. పన్నెండు గడపలు ఎక్కాం. ప్రతిచోటా మంచినీళ్లిచ్చారు, గదులు చూపించారు, చివర్లో కులం ఆరా తీస్తూ "మీరు ఏమిటోళ్లప్పా?" అన్నారు. చెప్పగానే ఎక్కడో ఉన్న బామ్మర్ది ఒకడు ఆ ఇంట్లో దిగడానికి తయారయ్యేవాడు. ఈ జిల్లాలో ఇంతమంది బామ్మర్దులున్నారని నాకు ఇల్లు వెతికేదాకా తెలియదు.

పదమూడోది లక్ష్మీపతి గారిది, మూడో అంతస్తు. ఆయన ఆ ప్రశ్నే మరిచిపోయాడు. ఆయన దిగులు వేరే.

"ఈ ఇంటికి గృహప్రవేశం కాలేదప్పా. ఆవు అడుగు పడందే మనిషి అడుగు పడగూడదు. ఆవును నువ్వు తీసకరా, ఇల్లు నేనిస్తా."

"మూడో అంతస్తుకు ఆవెట్లొస్తాది సార్?"

"పుంగనూరావు లిఫ్టులో పడతాది. టేపు పెట్టి సూసినా."

శుక్రవారం పొద్దున కొండప్ప అనే ఆయన పుంగనూరు నుంచి ఆటోలో ఆవును తెచ్చాడు. పేరు గౌరి. నా నడుమెత్తు కూడా లేదు. లిఫ్టు అద్దంలో తనను తాను చూసుకుంటూ పైకి వచ్చింది. గడప దాటింది, వంటిల్లు చూసింది, బాల్కనీ చూసింది, హాల్లో ఫ్యాను కింద పడుకుంది. మేం చూసిన పన్నెండు ఇళ్లలో ఒక్కచోట కూడా అంత తీరిగ్గా చూసుకోలేదు.

పూజ అయింది, పూజారి వెళ్లాడు. ఆవు లేవలేదు. కొండప్ప తాడు పట్టబోతే లక్ష్మీపతి అడ్డం పడ్డాడు.

"లేపొద్దు. వచ్చిన గోవును తోల్తే లక్ష్మిని తోలినట్టు. దానంతట అదే పోవల్ల."

"నాకింకా ఆరావులుండాయి సామీ. బయటికి వస్తే ఫోన్ చేయండి," అని కొండప్ప ఆటో ఎక్కేశాడు.

మూడు రోజులైనా ఆవు హాలు వదల్లేదు. లక్ష్మీపతి పెట్టిన గడ్డి ముట్టలేదు. ఇందు హాస్టల్ నుంచి వచ్చి పెడితేనే తినేది. పేడ కూడా ఇందూనే ఎత్తేది. నాలుగో రోజు ఆయన సంబరంగా అగ్రిమెంటు తెచ్చి, మునిశేఖర్ అని నా పేరు రాసి ఆగాడు.

"అవునప్పా, మీరు ఏమిటోళ్లు?"

చెప్పాను. పెన్నుకు మూత పడింది.

"కుప్పంలో మా బామ్మర్ది ఉండాడు. ఆయప్ప వస్తానంటాండాడు."

ఇందు పేడ గంప తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టింది. "సరే సార్. ఈ పొద్దే రమ్మనండి. గడ్డి పెట్టల్ల, ఇది ఎత్తల్ల."

ఆయన గంపను చూశాడు, ఆవును చూశాడు. బామ్మర్ది బ్యాంకులో మేనేజరట. పెన్ను మూత తీసి నా పేరు కొట్టేశాడు. దాని పక్కన గౌరి అని రాశాడు.

"ఇల్లు ఆవుకు బాడిగకిస్తాండా. మీరు దాన్ని సూసుకునేవాళ్లు. అది ఉండేంతవరకూ ఉండండి."

సొంతూరు దగ్గర పుంగనూరు అని రాశాడు. దాన్ని ఇంకేమీ అడగలేదు.

ఆ సాయంత్రమే సామాను తెచ్చుకున్నాం. ఇందు వంటింట్లో కాఫీ కలుపుతుంటే నాకు సంతోషమేసింది. ఆ సంతోషం మీద నాకే కోపమొచ్చింది. ఇద్దరం గోడకానుకుని కూర్చుని తాగాం, హాలు మధ్యలో ఇంటామె పడుకునుంది కాబట్టి.

మొన్న ఆదివారం పొద్దున ఆవు లేచింది. ఒళ్లు విదిల్చుకుంది. తెరిచున్న తలుపు దాటి, తిన్నగా పోయి లిఫ్టు ముందు నిలబడింది. ఇందు చేతిలో దోసె గరిటెతోనే పరుగెత్తి లిఫ్టుకు అడ్డం నిలిచింది.

"యాడికి పోతావమ్మా?" అంది మెల్లగా. "నువ్వు పోతే మమ్మల్ని గూడా పొమ్మంటారు."

కింద ఎవరో ఎక్కినట్టున్నారు, లిఫ్టు పైకి వస్తున్న చప్పుడైంది. నేను మెట్ల మీద మూడంతస్తులూ దూకుతూ పోయి లిఫ్టు మెయిన్ స్విచ్ ఆపేశాను.