చొక్కా తొడుక్కున్న పుట్ట

దారి పక్క చెదపుట్టలకు బట్టలు తొడగడం ఆ ఎర్రనేల మీద పోయేవాళ్ళకు ఓ సరదా. పనీపాటా లేని పుణ్యాత్ములెవరో కారాపి, నిలువెత్తు పుట్టకు పాత చొక్కా తగిలించి, నెత్తిన టోపీ పెట్టి పోతారు. వెనక వచ్చేవాళ్ళు చూసి నవ్వుకుంటారు. ఆ రోజు పొద్దున అలాంటి పుట్ట ఒకటి ఎదురైనప్పుడు డెస్మండ్ మాత్రం నవ్వలేదు, కారు వేగం తగ్గించాడు.

"ఎవరో పాపం, ఎండలో నిలబడ్డాడు. బండి చెడినట్టుంది. ఆగుదామా?"

నోరీన్ విరగబడి నవ్వింది. పెళ్ళయిన నాటినుంచీ ఆయన హాస్యాలకు నవ్వడం అలవాటే. నవ్వుతూ నవ్వుతూ చూసేసరికి ఇండికేటర్ టిక్కుటిక్కుమంటోంది. హాస్యమాడేవాడు ఇండికేటర్ వేయడు. ఆవిడ నవ్వడం మానేసి ఆయన మొహంలోకి చూసింది.

"నిన్ను నవ్విద్దామనే అన్నాలే," అన్నాడు డెస్మండ్. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

కారు వెనక చక్రాల ఇల్లులా తగిలించిన కేరవాన్ లాక్కుంటూ పదకొండింటికి కుర్రింబా చేరారు. ఆ ఊళ్ళో ఒక రోజు ఆగి, మర్నాడు మళ్ళీ ఉత్తరానికి సాగాలని వాళ్ళ ఆలోచన. కేరవాన్లు నిలిపే పార్కు నడిపే గ్లెనిస్ చోటు చూపిస్తూ, "ఒక్క రోజేనా? మంచిపని చేశారు. రెండో రోజుకి ఈ ఊళ్ళో చూడ్డానికేం మిగలదు," అంది.

బేకరీలో గోడ మీద పలక నిండా లోపల కూరిన రొట్టెల పేర్లు రకరకాలు. "నువ్వేది తింటే అదే నాకూను," అన్నాడు డెస్మండ్. కొన్నాళ్ళుగా ఎక్కడికెళ్ళినా ఇదే మాట. ముసలితనంలో ప్రేమ ముదిరిందని నోరీన్ లోలోపల మురిసిపోతూ వచ్చింది. ఇప్పుడు చూస్తే ప్రేమా లేదు పాడూ లేదు, ఆయనకు పలక మీద అక్షరం ఆనడం లేదు. తెచ్చుకున్న మాంసం రొట్టె ఆవిడకు సయించలేదు.

రేపటి దారిలో మూడేసి ట్రెయిలర్లు లాక్కుంటూ వచ్చే లారీలు ఎదురవుతాయి. మొహం మీదే అడిగేద్దామంటే, జీవితమంతా బస్సు నడిపి బతికినవాడాయె. చేతిలోంచి స్టీరింగ్ లాక్కుంటే మనిషిని సగానికి కోసినట్టే. పోనీ ఊరుకుందామా అంటే ఇద్దరి ప్రాణాలూ ఆ కళ్ళ మీదే ఉన్నాయి.

"డెస్, ఉత్త కారైతే నడుపుతాను గానీ కేరవాన్ లాగడం రాదు. అది నాకూ నేర్పు," అంది చివరికి.

"ఇన్నేళ్ళూ లేని కోరిక ఇప్పుడెందుకు పుట్టిందే?"

"ఊరికే కూచుంటే విసుగొస్తోంది."

"కొత్తగా నేర్చుకుంటూ గేట్లు విరగ్గొట్టే వయసు దాటిపోయింది పిల్లా," అన్నాడు గానీ, మధ్యాహ్నం ఆవిణ్ణి ఊరి బయట గుర్రప్పందాల మైదానానికి తీసుకెళ్ళాడు. ఏడాదికోసారి తప్ప అక్కడ పురుగైనా కనబడదు.

ఆయన చక్కగానే నేర్పాడు. కసరలేదు, విసుక్కోలేదు. "వెనక్కి పోయేటప్పుడు తోక ఎటు తిరగాలో చక్రం దానికి ఎదురు తిప్పు. తొందరేం లేదు, రైలేం వెళ్ళిపోవట్లేదు," అన్నాడు. ఆవిడ చేయి కుదిరాక దిగి వెనక్కి వెళ్ళి, పక్కగా నిలబడి చేత్తో పిలిచాడు. "రా, రా. ఇంకా బోలెడంత చోటుంది."

నోరీన్ అద్దంలో చూసింది. కేరవాన్ వెనకే తుప్పు పట్టిన ఇనప పీపా ఒకటుంది. మధ్యన జానెడు చోటు కూడా లేదు. ఆయన ఇంకా రమ్మంటూనే ఉన్నాడు.

ఆవిడ కారు ఆపి దిగింది. ఆయన చేయి పట్టుకుని తీసుకెళ్ళి పీపా మీద ఆనించింది. డెస్మండ్ దాని అంచు తడిమాడు. తర్వాత కేరవాన్ ఎక్కడుందో తడిమి చూసుకున్నాడు.

"దీన్నెవడు తెచ్చిపెట్టాడిక్కడ?" అన్నాడు మేకపోతు గాంభీర్యంతో. నోరీన్ నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

పార్కుకి ఆవిడే నడిపింది. సాయంత్రం టీ ఇస్తే అక్కర్లేదన్నాడు. రేపెవరు నడపాలంటే, రేపు చూద్దామన్నాడు. ఆయన మీద నోరీన్‌కు జాలి ఎంత వేసిందో కోపమూ అంతే వచ్చింది. ఇంత దూరం తనను గుడ్డిగా లాక్కొచ్చాడు, ఒక్క మాట చెప్పలేదు.

తెల్లవారి సామాన్లన్నీ సర్దాక, తాళం చెవులు తీసుకున్నది డెస్మండే. కారుని చేత్తో రాసుకుంటూ చుట్టూ తిరిగి, స్టీరింగ్ వైపు తలుపు తెరిచాడు. అక్కర్లేదంటే వినే మనిషి కాడు. ఎలా ఆపాలా అని నోరీన్ మాటలు వెతుక్కుంటోంది.

"నువ్వు పొట్టిదానివి. సీటు ముందుకి లాక్కో," అని తాళాలు ఆవిడ చేతిలో పెట్టి, ఆయన ఎడం పక్కకు వెళ్ళి కూర్చున్నాడు.

వీడ్కోలు చెప్పడానికొచ్చిన గ్లెనిస్ కిటికీలోంచి తొంగి చూసి నవ్వింది. "ఏం డ్రైవరు గారూ, ఇవాళ సెలవు పెట్టారా?"

భుజం పట్టేసిందనో, రాత్రి బీరు ఎక్కువైందనో ఏదో ఒకటి అంటాడని నోరీన్‌కు తెలుసు. ఏమన్నా సరే నవ్వేద్దామని సిద్ధంగా ఉంది.

"నాకు కళ్ళు ఆనడం లేదమ్మా," అన్నాడు డెస్మండ్. "ఏడాదయింది. భయపడి ఈవిడకు కూడా చెప్పలేదు."

గ్లెనిస్ కిటికీ మీద చేయి వేసి, జాగ్రత్తగా వెళ్ళిరమ్మంది.

"ఇక పోనీ," అన్నాడు డెస్మండ్ పెళ్ళాంతో. "మొదట్లో మెల్లగా పోనీ."

"ఒక్క నిమిషం ఆగు," అంది నోరీన్, చేతి వెనకతో కళ్ళు తుడుచుకుంటూ. "నాకూ ఏం కనబడట్లేదు."