ఓటు డబ్బా ఎవరి కొట్లో?

విదేశంలోని రిక్కార్టన్ పేటలో ప్రభావతి కిరాణా కొట్టుకీ, రోడ్డుకు అటువైపున్న సుబ్బారావు టిఫిన్ సెంటర్‌కీ పడదు. బోర్డు మీద లైట్ల దగ్గర్నుంచి పార్కింగ్ దాకా ఒకరికొకరు తగ్గరు.

ఆ చలికాలం వార్డు కౌన్సిలర్ పదవి మధ్యలో వదిలేయడంతో ఉప ఎన్నిక వచ్చిపడింది. ఓటు కాగితాలు ఇళ్లకే పోస్టులో వస్తాయి. గడువులోగా వాటిని వేసి పోవడానికి ఊళ్లో అక్కడక్కడా డబ్బాలు పెడతారు. ఆ వీధికీ ఒకటి దక్కింది. ఏ కొట్లో పెట్టాలో చూడ్డానికి ఫియోనా అనే ఆఫీసరమ్మ గురువారం వస్తుందని ఇద్దరికీ కబురందింది.

ఓటు వేయడానికొచ్చినవాళ్లు కొట్లోకొచ్చి ఊరికే పోతారా? ప్రభావతికి నోరూరింది.

"జనం మస్తుగొచ్చే దుకాణంలనే పెడ్తరు గద. ఆ జనాన్ని నేనే తెస్త," అంది భర్త మొగిలయ్యతో.

"ఏడికెల్లి తెస్తవే?"

"మిర్చి బజ్జీలు వేస్త. వాళ్లే వస్తరు."

పక్క ఫ్లాట్‌లోని యూనివర్సిటీ పిల్లలకు మాట వెళ్లింది. ఒకసారి లోపలికొచ్చి వెళ్తే రెండు బజ్జీలు. వేషం మార్చి మళ్లీ వస్తే మళ్లీ రెండు.

గురువారం ఫియోనా రోడ్డు పక్కన కారులో కూర్చుని చూస్తోంది. బజ్జీల పిల్లల్లో వినీత్ అనే కుర్రాడు మొదట మామూలుగా వచ్చాడు. తర్వాత సైకిల్ హెల్మెట్‌తో వచ్చాడు. ఆ తర్వాత ఎవరిదో చున్నీ తలకు చుట్టుకుని, కుంటుకుంటూ.

"కుంటకురా, నవ్వొస్తాంది!" అని గొణిగింది ప్రభావతి.

వింతేమిటంటే సుబ్బారావు భార్య రాజశ్రీ కూడా వచ్చింది, తనతో వాకింగ్ చేసే ఆడవాళ్లందర్నీ వెంటేసుకుని. పసుపు కొని వెళ్లి, కరివేపాకు కోసం వచ్చి, ఉప్పు మరిచిపోయానంటూ మళ్లీ వచ్చింది. పగవాడి పెళ్లాం కూడా మన గిరాకీయేనని ప్రభావతి పొంగిపోయింది. కాసేపటికి కొట్లో గాలాడే చోటు లేకుండా పోయింది. చోటు చాలనివాళ్లు బియ్యం బస్తాల మీదెక్కి బజ్జీలు తింటున్నారు.

ఫియోనా భుజాలు ముడుచుకుని ఎలాగో లోపలికి దూరింది.

"అబ్బ, ఇంత రద్దీ ఉన్న కొట్టు నేనెక్కడా చూడలేదు!" అంది.

ప్రభావతి ముఖం చాటంత అయింది.

"అయితే చిక్కు కూడా అదే. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు, పసిపిల్లల బండ్లు తోసుకొచ్చేవాళ్లు ఇబ్బంది లేకుండా డబ్బా దాకా రావాలి. ఇక్కడ కుదరదు. ఎదుటి కొట్టు ఖాళీగా, ప్రశాంతంగా ఉంది. అక్కడ పెడతాం."

ప్రభావతి గబగబా అడ్డొచ్చింది. "అయ్యో, రోజూ ఇంతమంది రారమ్మా! ఇయ్యాల్నే..." అని ఆగిపోయింది. ఇవాళే ఎందుకొచ్చారని అడిగితే ఏం చెప్పాలి?

"మరీ అంత వినయం పనికిరాదండీ," అని నవ్వి ఫియోనా రోడ్డు దాటింది.

మొగిలయ్య మిగిలిన బజ్జీల పళ్లెం తనవైపు లాక్కున్నాడు.

కాగితాలు వచ్చిన వారం, వేరే దారిలేక ప్రభావతి ఎదుటి కొట్టుకే వెళ్లింది. సుబ్బారావు ఎదురొచ్చి కుర్చీ వేశాడు.

"రండక్కా. ఇప్పుడైతే చెప్పేయొచ్చు. దారి ఖాళీగా ఉండాలన్న రూలు నేను ముందే ఫోన్ చేసి కనుక్కున్నానండీ. మీ బజ్జీల సంగతీ తెలిసింది. మీ జనం చాలరేమోనని మా ఆవిణ్ణి, ఆవిడ ఫ్రెండ్స్‌నీ కూడా మీ కొట్టుకే తోలాను."

ప్రభావతి అరవాలనుకుంది. నవ్వొచ్చింది. నవ్వు ఆగక కుర్చీలో కూలబడింది.

"ఓర్ని! ఎలక్షన్ల నువ్వు నిలబడాల్సింది తమ్మీ!"

"కాఫీ తాగుతారా అక్కా?"

"తాగుత. నీ కాఫీ బాగుంటదని మాత్రం నాతోని అనిపియ్యకు."

కాగితం డబ్బాలో వేసి వచ్చి తీరిగ్గా కూర్చుంది. కప్పు ఖాళీ చేసి, ఏమీ అనకుండా ఇంకోసారి పొయ్యమన్నట్టు ముందుకు జరిపింది.